ఒడి పట్టే ముందు

వెంకటక్క మూట మీద నుంచి లేవలేదు.

తక్కిన మూటలన్నీ బండెక్కినాయి. అవి విత్తనానికని పోయినేడు గాదెలో పోసి, పైన వేపాకు పరిచి, మట్టి మెత్తి దాచిన చెనిక్కాయలు. మొగుడు గాదె మూతి పగలగొడుతుంటే ఆమె ఒక్క మాట అనలేదు. మూటలు కుట్టేటప్పుడు దబ్బనంలోకి పురికొస కూడా తానే ఎక్కించి ఇచ్చింది. కడపటి మూట దగ్గరికి వచ్చేసరికి మాత్రం, తిరగలి ముందు కూర్చున్నంత నిమ్మళంగా దాని మీద కూర్చుంది.

“లెయ్‌మే. ఎండెక్కుతాంది. హిందూపురమేమన్నా మన పెరట్లో ఉండాదా?” అన్నాడు సంజీవప్ప.

“ఇదొక్కటీ ఉండనీ.”

“ఏం చేసుకుంటావు? తలకింద పెట్టుకుంటావా?”

“వానొస్తేనో?”

సంజీవప్ప నవ్వినాడు. వాన మాటకు అతను నవ్వే నవ్వు ఊళ్ళో అందరికీ తెలుసు. పెదవి కదలదు. ముక్కుతో గాలి వదుల్తాడు, అంతే.

“మృగశిర పాయ. ఆరుద్ర సగం పాయ. వచ్చినా మన చేను తప్పించి వస్తాది. మా నాయన పోయినాక ఈ మూడేండ్లలో ఆ చేను మనకేమిచ్చింది చెప్పు? కాయలు కాసింది నా చేతులు, ఆ చెట్లు కాదు.”

వెంకటక్క కొంగు నడుముకు చుట్టుకుని, మూట చెవులు రెండు చేతుల్తో పట్టుకుంది. ఆడమనిషిని ఈడ్చి పారేసేంత కోపం అతనికి లేదు. అంత ఓపికా లేదు.

“కూర్చో. కోడి మాదిరి పొదుగు. పిల్లలు లేస్తాయి,” అని బండి తోలినాడు.

పెనుకొండ దాటి, కొండ వెనక్కి పడి, హిందూపురం చేరేసరికి పొద్దు వాలుతోంది. మండీలో ఒక పక్క బెల్లం దిమ్మెలు, ఒక పక్క చింతపండు బుట్టలు. ఈగలకు యాడ వాలాలో తెలియనంత కలిమి. గుమాస్తా మూటలోకి చెయ్యి పెట్టి ఒక కాయ తీసి చిదిపినాడు. గింజ నోట్లో వేసుకుని, నములుతూ సంజీవప్పను తేరిపార చూసినాడు.

“ఏనప్పా, ఇది బిత్తనె కాయ గదా?”

“విత్తనమే.”

“విత్తనం అమ్ముకునేకి వచ్చినావంటే, దుడ్లు అంత అవసరమా?”

“అవసరం లేదు. నమ్మకం లేదు.”

గుమాస్తా భుజాలెగరేసి కాటా వైపు చెయ్యి చూపించినాడు. విత్తనం కాయని ఒక కానీ ఎక్కువ ఇయ్యలేదు. మిల్లుకు పోయే కాయకు ఏమిస్తారో అదే ఇచ్చినారు. సంజీవప్ప బేరం కూడా చెయ్యలేదు. మోసపోతానని ముందే తెలుసుకుని మోసపోవడంలో అతనికి ఒక తృప్తి ఉంది.

మూటలు విప్పి పెద్ద కుప్పలో పోసినారు. కూలోళ్ళు బిందెల్తో నీళ్ళు తెచ్చి కుప్ప మీద చల్లినారు. మిషన్లో పోసే ముందు అట్ల తడుపుతారు. తొక్క మెత్తబడి, గింజ విరక్కుండా బయట పడుతుంది. అట్ల నాని మిషన్లో పడిన గింజ నూనెకు పనికొస్తుంది గానీ మొలవమంటే మొలవదు. సంజీవప్ప అది చూస్తూ నిలబడినాడు. తన కాయలు ఏవో, ఇంకొకరివి ఏవో తెలియకుండా కలిసిపోయినాయి. మంచిదే అనుకున్నాడు. ఇంక ఆశపడే పని లేదు.

మరునాడు ఖాళీ బండితో తిరిగి వస్తుంటే పెనుకొండ కింద పట్టుకుంది వాన.

ముందు గాలి ఆగింది. ఎద్దులు చెవులు వెనక్కి పెట్టినాయి. కొండ మీద కోటగోడ కనిపిస్తూ కనిపిస్తూ ఉండగానే మాయమైంది. ఆ పైన చినుకని చెప్పేదానికి లేదు, కుండ బోర్లించినట్లే. దారిలో జనం నెత్తిన గుడ్డలేసుకుని ఉరుకుతున్నారు, ఉరుకుతూనే నవ్వుతున్నారు. ఒక జట్కావాడు బండి నిలిపి, దిగి, నోరు తెరిచి ఆకాశం కింద పెట్టినాడు. సంజీవప్ప ఒక్కడే తలొంచుకుని బండి మీద కూర్చున్నాడు, ఎవరో రాళ్ళు రువ్వుతున్నట్లు.

“ఇప్పుడొస్తావా?” అన్నాడు పైకి చూడకుండానే. “అమ్మినాక వస్తావా? తెలిసే చేస్తాండావు గదా!”

రైలు గేటు దగ్గర, నెత్తిన చిన్న మూటతో, తడిసి ముద్దయి ఒక ముసలామె చెయ్యెత్తింది. విత్తనాల కుళ్ళాయమ్మ. ఆ చుట్టుపక్క పల్లెల్లో విత్తే కాలమొస్తే ముందు సాలు ఆమెదే. మడక వెనకాల నడుస్తూ గింజ వదిలిందంటే జానెడుకొకటి, కొలబెట్టినట్లు పడుతుంది. కరువుల్లో విత్తే పనులు తగ్గి, ధర్మవరంలో కూతురింటికి పోయి పట్టునూలు చుట్టుకుంటూ బతుకుతోంది.

“వాన్లో యాడికి కుళ్ళాయమ్మా?”

“ఇంగ్యాడికి, మనూరికే. పొద్దున ధర్మవరంలో కండె చుట్టుకుంటా చూస్తే దక్షిణం పక్క మబ్బు. పెనుకొండ మీద దిగుతాదనిపించె. కండె ఆడే పడేసి రైలెక్కినా.”

“దిగకపోయింటే?”

“మల్లా రైలెక్కుతాంటి. ఏం పోయింది, టిక్కెట్టు పోతాండె.” బండెక్కి కొంగు పిండుకుంది. “దిగింది గదా! చూడు, ఎట్ల దిగిందో!”

కాసేపు పోయినాక ఆమె కన్ను ఖాళీ బండి మీద పడింది. బండి మూలల్లో రాలిన కాయ ఒకటి తీసి చూసింది.

“ఏం తోలొస్తివప్పా?”

“విత్తనం.”

“ఎవురికి?”

“మండీకి.”

కుళ్ళాయమ్మ కాయను మళ్ళీ ఉన్నచోటే పెట్టింది. బండి వానలో చాలా దూరం పోయింది.

“అంతానా?” అంది కడపట.

“ఒక మూట మావోళ్ళ కింద ఉండాది. దాని మీద కూర్చుండె, లెయ్‌మంటే లెయ్‌లేదు.”

కుళ్ళాయమ్మ పకపకా నవ్వింది. “అయితే నేను ఊరికే రాలేదు!”

అతను ఇల్లు చేరేసరికి ఆ మూట విప్పేసి ఉంది. వసారాలో వెంకటక్క, ఇంకా నలుగురు ఆడవాళ్ళు చాటలు ముందేసుకుని కాయలు ఒలుస్తున్నారు. నీళ్ళు తగలకుండా, బొటనవేలి గోటితో కొన నొక్కి, గింజ పొర చిట్లకుండా. ఒలిచిన గింజ మళ్ళీ గాదెకు పోదు. నాలుగు దినాల్లో మట్టిలోకి పోవాల్సిందే.

“ఎవురొలవమన్నారు?”

“వాన,” అంది వెంకటక్క తలెత్తకుండా.

“ఈ మూటతో సగం చేను కూడా రాదు. సగం ఇత్తి సగం బీడు పెడితే ఊరు నవ్వుతాది.”

“నవ్వనీలే. నవ్వక శానా దినాలాయ ఊరు,” అంది పక్కన కూర్చున్న కుళ్ళాయమ్మ. అప్పుడే ఆమె ముందు కూడా ఒక చాట ఉంది.

పొద్దు పొడవకముందే చేన్లోకి దిగినారు. ఎర్రమట్టి గుప్పిట్లో పిసికితే ముద్దవుతోంది, వదిలితే విరుగుతోంది. అదీ పదును. ఎండ గట్టిగా కాసిందంటే మరునాటి సాయంత్రానికి ఉండదు. చుట్టూ ప్రతి చేన్లోనూ మడకలు కదులుతున్నాయి. సంజీవప్ప ఒక మడక, పనికి పని బదులుగా వచ్చిన ఎర్రిస్వామి ఒక మడక కట్టినారు. వెంకటక్క గింజల గంప దించింది. ఆడవాళ్ళు వరసగా నిలబడినారు.

కుళ్ళాయమ్మ కొంగు దోపి ఒడి చేసింది. ఒడి పట్టడమని ఆ పల్లెల్లో ఒక పద్ధతి. ముందు సాలు నడిచే ఆడమనిషి, గింజలు పోయించుకునే ముందు, చేను ఏమిచ్చిందని అడుగుతుంది. మేడి పట్టిన మగవాడు చెప్పాల. చెప్పినాకనే ఒడిలో గింజ పడాల. ఎవరైనా “పుట్లు పుట్లు ఇచ్చింది తల్లీ” అని ఒక మాట పారేసి పోసేస్తారు. సంజీవప్ప నాయన ఉన్నన్నాళ్ళూ ఆయన చెప్పినాడు. ఆయన పోయినాక కుళ్ళాయమ్మ ఊళ్ళో లేదు, అడిగినవాళ్ళూ లేరు.

“ఈ చేను నీకేమిచ్చిందప్పా?” అంది కుళ్ళాయమ్మ.

“బూడిద,” అన్నాడు సంజీవప్ప.

ఆమె ఒడి వదిలేసింది. కొంగు జారి మోకాళ్ళ మీద పడింది.

“అయితే బూడిదే ఇత్తుకో. దానికి నా నడుమెందుకు వంచల్ల?”

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. సంజీవప్ప మొహం ఎర్రబడింది. “సరేలే, పద్ధతికి అడిగితివి, పద్ధతికి చెప్తా. పుట్లు పుట్లు ఇచ్చింది. పట్టు.”

“అబద్ధం. ఇది ఏమీ ఇయ్యలేదని మూడేండ్లుగా నువ్వే టముకేస్తాండావు. ధర్మవరం దాకా వచ్చింది నీ మాట. దాన్ని అన్ని తిట్లు తిట్టి, ఇప్పుడు దాని కడుపులో గింజ పెడ్తానంటే ఎట్లప్పా? చెవుల్లేవా దానికి?”

“మా నాయన కాలంలో...”

“మీ నాయనకిచ్చింది మీ నాయన చెప్పుకున్యాడు. నీకిచ్చింది చెప్పు.”

“నేను చెప్తా కుళ్ళాయమ్మా,” అని వెంకటక్క ముందుకొచ్చింది.

“నువ్వుండు తల్లీ. మేడి పట్టినోని నోట్లోనుంచి రావల్ల.”

ఎర్రిస్వామి మడక మీద ఆనుకుని ఆవలించినాడు. “సంజీవన్నా, ఏదో ఒకటి కక్కబ్బా. ఎద్దులు నిలబడుకొనే కునుకుతాండాయి. ఓబుళప్పోళ్ళు అప్పుడే పది సాళ్ళు తిప్పినారు.”

“పొండి! మీరెవురూ వద్దు. నేనే దున్నుకుంటా, నేనే ఇత్తుకుంటా!”

గంప దగ్గరికి పోయి గుప్పెడు గింజలు తీసుకున్నాడు. మడక దగ్గరికి నాలుగడుగులు వేసినాడు. ఒక చేత్తో మేడి, ఒక చేత్తో గింజ. ఎద్దుల పగ్గమెవరు పట్టాల? నిలబడిపోయినాడు. కాళ్ళు మడమల దాకా తడిమట్టిలో దిగినాయి. చల్లగా ఉంది. మూడేండ్ల కిందట ఇదే చేను నిప్పుల మీద నడిచినట్లుండేది. ఆ ఏడు గంజి కేంద్రానికి పోదామంటే నామోషీ పడి పోలేదు. పోకుండా ఏం తిన్నాం? ఆ మాట ఎవరూ అడగలేదు. తనకు తానే అడుక్కున్నాడు, మొదటిసారి. పడమటి గట్టు మీద నుంచి వెంకటక్క నడిచి రావడం కంటి ముందు మెదిలింది. ఒడి నిండా పచ్చగా ఏదో మోసుకుని, బరువుకు ఒక పక్కకు ఒరిగి.

“గురుగాకు,” అన్నాడు.

“ఏమి?”

“గురుగాకిచ్చింది.” దగ్గినాడు. “ఆ కరువేడు చెనిక్కాయ చెట్లు మాడిపాయ. మల్లా రెండు తుంపర్లు పడితే చేనంతా గురుగు లేసె. మావోళ్ళు దినామూ ఒడి నిండా కోసుకొచ్చి, ఉడకేసి, ఉప్పూ మిరపకాయా నూరి సంగట్లోకి పెడ్తాండె. పసువులు మేసేది మనకు పెడ్తావామే అని నేను తిడ్తాంటి. తిట్టుకుంటానే రెండు ముద్దలు తింటాంటి. ఇంట్లో ఎవురూ పస్తు పడుకోలేదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెంకటక్క గంప అంచు సవరించుకుంటూ అటు తిరిగింది.

సంజీవప్ప గుప్పిట విప్పి చూసుకున్నాడు. లేత ఎరుపు పొరతో గింజలు, చెమటకు మెరుస్తూ.

“ఇవి గూడా దీంట్లోవే,” అన్నాడు మెల్లగా. “మండీకి తోలినవీ దీంట్లోవే. నేనే కాయించినట్లు తోలుకోని పోతి.”

కుళ్ళాయమ్మ కొంగెత్తి ఒడి పట్టింది. “పోయ్.”

పోసినాడు. పోసి, ఖాళీ చేతుల్తో నిలబడి, “ఇంకోటుండాది కుళ్ళాయమ్మా. పోయినేడు కందులు...” అని మొదలుపెట్టినాడు.

“అన్నా, ఇంక చాలు!” అని అరిచినాడు ఎర్రిస్వామి. “కక్కమన్నది నాదే తప్పు. తోలు!”

తోలినాడు. మడక దిగింది. వెనకాల కుళ్ళాయమ్మ వంగి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య నుంచి గింజ వదులుతూ, పాదంతో మట్టి కప్పుతూ నడిచింది. ప్రతి మలుపు దగ్గరా సంజీవప్ప తల వెనక్కి తిప్పి ఏదో ఒకటి చెప్పబోయినాడు. గట్టు మీద సీతాఫలం, ఒక చలికాలం మంద దిగిన గొర్రెలు, నాయన కూర్చునే గుండురాయి.

“ముందు చూసి తోలప్పా, సాలు వంకర పోతాంది!” అని ఆమె కసిరింది.

పొద్దు నడినెత్తికి రాకముందే గంప అడుగు కనిపించింది. కడపటి గింజ పడినచోట వెంకటక్క ఒక పుల్ల గుచ్చింది. అవతల సగానికి పైగా చేను, దున్నడానికి సిద్ధంగా, తడిగా, ఎర్రగా, ఊరికే ఉంది. సంజీవప్ప ఆ పుల్ల దగ్గర చాలాసేపు నిలబడినాడు. తిట్టడానికి ఎవరూ దొరకలేదు. వానా వచ్చింది, చేనూ ఇచ్చింది. విత్తనం అమ్ముకున్నవాడు మాత్రం తనే.

“ఇత్తింది మొలవనీ,” అంది వెంకటక్క.

“మొలుస్తాది,” అన్నాడు. ఆ మాట తన నోట్లోనుంచి వచ్చినందుకు తనే కొంచెం తికమకపడినాడు.

కుళ్ళాయమ్మ మరునాడు పొద్దున్నే రైలుకు పోవాల. ధర్మవరంలో కూతురు ఒక్కతే, చుట్టాల్సిన నూలు అట్లే పడి ఉంటుంది. సంజీవప్ప బండి కట్టి పెనుకొండ స్టేషన్లో దించినాడు. రైలు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి “మొలకొచ్చినాక కాకులు చూసుకో!” అని అరిచింది. అంతే. దండాలూ దీవెనలూ ఏమీ లేవు.

తిరిగి వస్తుంటే గేటు వేసి ఉంది. అవతల, మూటల బండి ఒకటి ఆగి ఉంది. గూడ్సు బండి పోయి గేటు లేచినాక అది ఇటొచ్చి, ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి పక్కకు తీసింది. తోలేవాడు సంజీవప్ప వయసువాడే.

“యాడికప్పా?” అన్నాడు సంజీవప్ప.

“హిందూపురం మండీకి. మాది కనగానపల్లి పక్క. నా పేరు ఈరన్న. మీ పక్క బాగా పడిందంటనే?”

“పడింది. ఏముండాయి మూటల్లో?”

“విత్తనం కాయలు. మా పక్క దుమ్ము గూడా అణగలేదు. మా చేను సంగతి నాకు తెలుసులే. యాడ పడినా ఆడ పడదు.”

సంజీవప్ప చెయ్యి తనకు తెలియకుండానే నడుముకు పోయింది. మండీవాడిచ్చిన దుడ్లు రోంటిలో అట్లే ఉన్నాయి. బండి మీద మూటలు ఉన్నాయి. చేన్లో పదును ఇంకా ఉంది. ఇప్పుడు తోలితే మధ్యాన్నానికి ఇల్లు. ఊళ్ళో ఆడవాళ్ళంతా కూర్చుంటే గడియలో ఒలిచేస్తారు, సాయంత్రానికి చేను నిండుతుంది. ఈరన్న ఎట్లా అమ్మేవాడే. మండీలో పోసేది తనకు పోస్తాడు, దూరం కలిసొచ్చిందని సంతోషిస్తాడు కూడా. ఇందులో తప్పేముంది? ‘నాకియ్యప్పా’ అనే మాట నాలిక మీదికి వచ్చింది.

నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

“నీ చేను నీకేమిచ్చిందప్పా?”

ఈరన్న నవ్వినాడు. పెదవి కదలకుండా, ముక్కుతో.

“ఏమిస్తాది దాని మొగం. రాళ్ళిస్తాది.”

“రాళ్ళు కాకుండా. ఊరికే అడుగుతాండాలే. ఎద్దులు నీళ్ళు తాగేంతవరకు చెప్పు.”

బీడీ ఒకటి ఇచ్చి, తనొకటి ముట్టించుకుని, చక్రం నీడన కూర్చున్నాడు. ఈరన్న కూర్చోలేదు ముందు. రెండు దమ్ములు లాగినాడు. “ఇచ్చేదా... మొన్నేడు అనపకాయలిచ్చింది, అది లెక్కనా?” అన్నాడు. లెక్కే అన్నాడు సంజీవప్ప. అప్పుడు ఈరన్న కూర్చున్నాడు. అనపకాయల మీద నుంచి మాట అలసందల మీదికి పోయింది. ఆ అలసందలు పెట్టే పురిటికొచ్చిన చెల్లెలిని సాకినారంట. మెట్ట పక్క గడ్డికి ఎనుము ఈనినాక చెంబు నిండా పాలిచ్చిందంట. మాట్లాడేకొద్దీ ఈరన్న చేతులు లేచినాయి, చేను హద్దులు గాల్లో గీసి చూపించినాడు. ఎండ ఎక్కుతోంది. అక్కడ తన చేన్లో పదును ఆరుతున్నదని సంజీవప్పకు తెలుసు. లేవలేదు.

ఈరన్న మాట ఆపి, బండి మీది మూటల వైపు చూసినాడు. బీడీ ఎప్పుడో ఆరిపోయింది.

“ఇంకా పునర్వసు ఉండాది,” అన్నాడు. “పుష్యమి ఉండాది.”

“ఉండాయి.”

“నీది ఇత్తేదైపాయనా?”

“సగం గూడా కాలేదు. విత్తనం అమ్ముకుంటి, మొన్ననే. అదే మండీలో.”

ఈరన్న అతని మొహంలోకి చాలాసేపు చూసినాడు. “అమ్ముకున్నోనివి, నన్ను అమ్మొద్దంటాండావా?”

“వద్దనలేదప్పా. చేనేమిచ్చిందని అడిగితి.”

“రెండూ ఒకటే,” అని ఈరన్న లేచి పంచె దులుపుకున్నాడు. బండి వెనక్కి పోయి తాడు విప్పినాడు. మూటలను ఒక్కొక్కటే తట్టి చూసి, ఒకదాని మీద చెయ్యి ఆపినాడు. “ఇదొక్కటీ నీకిస్తా. మండీలో ఏమిస్తారో అదే ఇయ్యి. ఒకటే. తక్కినవి నాకు కావల్ల.”

“ఒకటి చాలు.”

“భుజం పట్టు మరి.”

ఇద్దరూ మూటను ఆ బండి మీద నుంచి ఈ బండి మీదికి మోసినారు. ఈరన్న ఎద్దులు మొదట హిందూపురం పక్కకే లాగినాయి. అతను దిగి, కాడి పట్టుకుని, వాటి మొహాలు ఉత్తరానికి తిప్పినాడు. సంజీవప్ప బండి దిగి, చక్రం పక్కన వంగి గుప్పెడు మట్టి తీసి పిసికినాడు. ముద్దయింది. వదిలితే విరిగింది.